ఆ సంచి ఎవరిది

నేను ఒక గుడ్డ సంచిని. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, ఇంటికి పది సంచులుంటాయి అంటారు మీరు. నిజమే. కానీ నా పక్కన కూర్చున్న మనుషులు మెల్లగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అవతలికి జరగడం నేను చాలాసార్లు చూశాను. చూసి చూసి, ఎవరైనా దగ్గరికి వస్తుంటేనే ముడుచుకుపోవడం అలవాటైంది. నన్ను గురించి చెప్పుకోవడం ఇదే మొదటిసారి. తడబడితే ఏమీ అనుకోకండి.

నేను సంచిని కాకముందు షామియానాని. ఉప్పాడలో ఒక టెంట్‌హౌసు వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పెళ్లిళ్లకీ సమర్తలకీ దినాలకీ నీడనిచ్చిన నీలం కేన్వాసు గుడ్డని. నా కింద జనం బంతులు బంతులుగా కూర్చుని కోడికూరా పులిహోరా బూరెలూ తినేవారు. వాసన అదిరిపోయిందని వంటవాళ్లని పిలిచి మరీ మెచ్చుకునేవారు. ఏ వాసనని మెచ్చుకోవాలో, ఏ వాసనకి ముక్కు మూసుకోవాలో మనుషులకి ఎవరు నేర్పుతారో నాకిప్పటికీ తెలియదు. ఒక తుపాను గాలికి ఆ గుడ్డ నిలువునా చిరిగింది. అందులో బాగున్న ముక్క ఏరుకుని టైలరు అబ్బులు నన్ను కుట్టాడు.

కుట్టించింది కాసులమ్మ. ఆవిడది ఎండుచేపల బేరం. భర్త పడవ మీద వేటకి పోతే, ఈవిడ తట్ట నెత్తిన పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి కాకినాడ వెళ్లేది. జగన్నాథపురం సందులన్నీ తిరిగి, మధ్యాహ్నానికి తట్ట ఖాళీ చేసుకుని ఇల్లు చేరేది. వాళ్లకి ఒక్కతే కూతురు, కనకరత్నం. ఆ పిల్లకి కాకినాడలో టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది.

“పుస్తకాలెట్టుకుంటాది అబ్బులూ, గట్టిగా కుట్టు. బరువుకి అడుగు వేలాడిపోకూడదు,” అంటూ కాసులమ్మ మిషను పక్కనే కూర్చుంది. ఆవిడ మాట మీద అబ్బులు నా అడుగున రెండు వరసల గుడ్డ వేసి, మధ్యలో దళసరి అట్టముక్క పెట్టి, చుట్టూ బిగించి కుట్టేశాడు. అంచులకి ఎర్ర గుడ్డ వేశాడు. పైన జిప్పు, లోపల చిన్న జేబు. రత్నం నన్ను భుజాన వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, ఊరికే తిరిగొచ్చింది. నా బతుకులో అంత దర్జాగా నడిచిన రోజు ఇంకొకటి లేదు.

ట్రైనింగు మొదటి సంవత్సరమంతా నాలో పుస్తకాలూ చార్టులూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. రెండో ఏడు వానాకాలంలో ఒకసారి రత్నం సెలవుకి ఇంటికొచ్చి హాస్టలుకి తిరిగి వెళుతుంటే, కాసులమ్మ వేలెడంత చేపలు, ఎండు నెత్తళ్ళు, కాగితంలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, కూతురు చూడకుండా నా అడుగున, బట్టల కింద పెట్టింది. హాస్టలు కూర చప్పగా ఉంటుందని రత్నం అంతకుముందు రాత్రి అని ఉంది. చూసి మురిసిపోతుందని తల్లి ఆశ. ఆ రోజు బీచ్ రోడ్డు మీద కెరటాలు లేచి బస్సు మీద పడ్డాయి. బస్సు నేల మీద ఉప్పునీళ్లు పారాయి. నేను రత్నం కాళ్ల దగ్గర ఉన్నాను. మర్నాడు పరీక్ష ఉండటంతో రత్నం గదికి చేరగానే పైనున్న పుస్తకాలు తీసుకుని నన్ను మంచం కిందికి తోసేసింది. మూడు రోజులు నా సంగతే గుర్తులేదు. కవరు ఎక్కడో చిరిగింది. నెత్తళ్ళు నాని, ఆ నీరంతా నా అడుగున ఉన్న అట్టలోకి ఇంకింది.

నాలుగో రోజు గదిలో ఉన్న పిల్లలు ఎలుక చచ్చిందనుకుని మంచాలన్నీ జరిపారు. ఎలుక దొరకలేదు, నేను దొరికాను. వాళ్లు ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. ఒకరినొకరు చూసుకుని నవ్వారు, అంతే. రత్నం నన్ను పట్టుకుని బయటికి పరిగెత్తినట్టుగా వెళ్లింది. కుళాయి దగ్గర కూర్చుని తల వంచుకుని ఉతుకుతుంటే ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి.

ఆ తర్వాత నాకు జరిగిన వైద్యం ఇంతా అంతా కాదు. మొదట మరిగిన నీళ్లు పోసింది. వేడికి వాసన వదలకపోగా ఇంకా పట్టుకుంది. సబ్బుపొడిలో రెండుసార్లు నానబెట్టింది. ఎవరో నిమ్మకాయ అన్నారు, పైనుంచి కిందిదాకా నిమ్మచెక్కలతో రుద్దింది. ఇంకెవరో వంటసోడా అన్నారు, అది చల్లి ఒక రాత్రంతా ఉంచి దులిపింది. ఆఖరికి విసుగెత్తి మల్లెపూల వాసన పౌడరు డబ్బా సగం గుమ్మరించింది. పెళ్లిపందిట్లో చేపలు ఎండబెట్టినట్టుంది అని ఒక పిల్ల అంటే గదంతా నవ్వారు. రత్నం కూడా నవ్వింది. నవ్వకపోతే తన ఇంటి సంగతి అందరికీ తెలిసిపోతుందని భయం.

ఎండలో ఆరితే నాలో వాసన ఉండేది కాదు. రత్నం ముక్కు పెట్టి చూసి తృప్తిగా ఊపిరి పీల్చుకునేది. గాలిలో చెమ్మ తగిలిన మొదటి రోజునే అది మళ్లీ లేచేది. ఎందుకంటే ఆమె ఉతికింది పైగుడ్డని. అట్ట లోపల ఉంది. అది ఎవరికీ కనబడదు, నాకు మాత్రం తెలుసు. నోరుంటే చెప్పేదాన్ని. వాసనని లోపల పెట్టుకుని, పైకి శుభ్రంగా కనబడుతూ, ఆమె చేత మళ్లీ మళ్లీ నమ్మించుకున్నాను. ఆ మోసానికి నేనెంత సిగ్గుపడ్డానో మీకు చెప్పలేను. చివరికి ఆమె నల్లటి హ్యాండ్‌బ్యాగు ఒకటి కొనుక్కుంది. నన్ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా మీదికి ఎక్కించింది.

ట్రైనింగు అయ్యాక రత్నానికి కాకినాడలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. పట్నంలో చిన్న గది అద్దెకు తీసుకుని, శనివారాలు ఉప్పాడ వెళ్లొచ్చేది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున హేమ అనే టీచరు మీదే ఊరు, మీ వాళ్లేం చేస్తారు అని అడిగిందట. ఉప్పాడ, మా అమ్మది వ్యాపారం అంది రత్నం. ఉప్పాడ అనగానే అక్కడున్నవాళ్లందరికీ పట్టుచీరలే గుర్తొచ్చాయి. “అయితే మాకు మగ్గం ధరకే ఇప్పించాలి మరి,” అంది హేమ సంబరంగా. రత్నం కాదనలేదు. అవుననీ అనలేదు. చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వుతోనే కాసులమ్మ చేపల తట్ట కాస్తా చీరల కొట్టయిపోయింది. రెండేళ్ల పాటు ఆ కొట్టు అలాగే నడిచింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

శ్రావణమాసం. యూనిట్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దడానికి ఇంటికి తీసుకెళ్లాలి. ఆ కట్ట హ్యాండ్‌బ్యాగులో పట్టలేదు. రత్నం నన్ను బీరువా మీంచి దింపి వాసన చూసింది. వేసవి అంతా పొడిగా ఉన్నాను కదా, ఏ వాసనా రాలేదు. శని, ఆదివారాలు ఉప్పాడలో పత్రాలు దిద్దుకుని, సోమవారం పొద్దున్న బస్సు దిగి తిన్నగా స్కూలుకి వచ్చింది. దారంతా వాన. ఆమె గొడుగు పత్రాలకి పట్టింది, నేను అడుగంతా తడిశాను. స్కూల్లో అప్పటికింకా ఎవరూ రాలేదు. గేటు తీసిన ఆయా మాణిక్యం మాత్రం ఉంది. “తడిసిపోయేరు టీచరమ్మా,” అని తువ్వాలు అందించింది. రత్నం పత్రాలు తీసుకుని, నన్ను మడిచి స్టాఫ్ రూంలో బీరువా వెనకాల దోపి క్లాసుకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి వాన ఎక్కువై కిటికీలన్నీ మూశారు. టీచర్లందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆ స్టాఫ్ రూంలో మాంసాహారం తినకూడదని గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. క్యారేజీ మూతలు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. సాంబారు, వంకాయ, పెరుగు. వాటన్నిటి మధ్యలోంచి నా వాసన లేచింది. ఆపుకోవడం నా చేతుల్లో లేదు. అది లేస్తూంటే అట్టతో సహా భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

హెడ్మిస్ట్రెస్ సుగుణకుమారి మేడం లేచి గదంతా వెతికి, బీరువా వెనకనుంచి నన్ను రెండు వేళ్లతో పట్టుకుని పైకి తీశారు.

“ఎవరిది ఈ సంచి?”

మేడం బల్ల చుట్టూ చూశారు.

“నీదా హేమా?”

“నాదెందుకవుతుంది మేడం,” అంది హేమ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

“రత్నం?”

రత్నం చేతిలో ముద్ద ఉంది. అది నోటి దాకా వెళ్లలేదు, గిన్నెలోకీ దిగలేదు. “నాది కాదు మేడం,” అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు వింతగా అనిపించింది.

నాకు కోపం రాలేదు. దాచకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నన్నడిగినా నేనూ ఆ మాటే అనేదాన్ని.

మేడం గుమ్మం వైపు తిరిగారు. వెనక వరండాలో కూర్చుని అన్నం తింటున్న మాణిక్యం అప్పటికే లేచి నిలబడింది. పదకొండేళ్లుగా ఆ స్కూల్లో గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, టీచర్లకి మంచినీళ్లు పట్టేదీ ఆవిడే.

“నీదేనా మాణిక్యం?”

“నాది కాదండి. నేను ఇయ్యాళ చేపలు తేలేదండి. కావాలంటే నా గిన్నె చూడండి, పప్పుచారు.”

“ఇక్కడ నువ్వు తప్ప ఇంకెవరు తెస్తారు అలాంటివి?”

మాణిక్యం నన్ను చూసింది. పొద్దున్న నేను ఎవరి భుజాన వచ్చానో ఆవిడకి తెలుసు. తర్వాత రత్నాన్ని చూసింది. ఒక్కసారే చూసింది, ఎక్కువసేపు కూడా కాదు. రత్నం గిన్నెలోకి చూస్తోంది. మాణిక్యం వంగి తన గిన్నెకి మూత పెట్టింది.

ఎదురు చెప్పిందని, పైగా అబద్ధమాడిందని మేడంకి కోపం ఎక్కువైంది. ఆ నెలాఖరుకి పని మానెయ్యమన్నారు. అంతవరకూ మంచినీళ్లూ గంటా ముట్టుకోవద్దనీ, బయట మరుగుదొడ్ల పనీ గేటు పనీ చూసుకోమనీ, అన్నం కూడా గేటు దగ్గరే తినమనీ చెప్పారు. “ముందు దీన్ని తీసుకెళ్లి ఎక్కడైనా పారెయ్,” అని నన్ను వరండాలోకి విసిరారు.

మాణిక్యం నన్ను పారెయ్యలేదు. జగన్నాథపురంలో ఒక సందు చివర ఆవిడ ఇల్లు. ఇంటికి తీసుకెళ్లి చూరు కింద పెట్టి, చాలాసేపు ఎదురుగా కూర్చుని చూసింది. “నీ మూలాన నా పని పోయింది గదే,” అంది. తిట్టులా అనలేదు, లెక్క తెలియనివాళ్లు లెక్క చూసుకుంటున్నట్టు అంది. నాకు తల ఉంటే దించుకునేదాన్ని. తర్వాత నన్ను తిరగేసి, అన్నివైపులా నొక్కి చూసి, అడుగు దగ్గర ఆగింది. ఇన్నేళ్లలో నా అడుగుని నొక్కి చూసిన మొదటి మనిషి ఆవిడ. పాత బ్లేడుతో కుట్లు తెంపింది. లోపలినుంచి నల్లగా మెత్తబడి ముద్దలా అయిపోయిన అట్ట బయటికొచ్చింది. “ఓయమ్మా, ఇదిక్కడుంటే ఎన్ని ఉతుకులుతికితే ఏం లాభం?” అని ఆవిడ దాన్ని దూరంగా గొయ్యి తీసి కప్పెట్టింది.

వేడి నీళ్లు ముట్టించలేదు. మామూలు నీళ్లలో నాలుగైదుసార్లు జాడించింది. తరవాణి కుండలోని పుల్లటి నీళ్లలో ముంచి తెల్లారేదాకా ఉంచింది. మర్నాడు కుంకుడు రసంతో రుద్ది, లోపలి వైపు బయటికి తిప్పి తీగ మీద ఆరేసింది. అదృష్టం, వాన తెరిపిచ్చింది. రెండు రోజులు గట్టి ఎండ కాసింది. సాయంత్రం తీసి, లోపల నాలుగు బొగ్గుముక్కలు కాగితంలో చుట్టి పెట్టేది. పొద్దున్న తీసేసి మళ్లీ ఎండలో వేసేది. గురువారం పొద్దెక్కేసరికి నేను గుడ్డ వాసన వేశాను. వట్టి గుడ్డ వాసన. ఎన్నేళ్లయిందో దాన్ని నేను మరిచిపోయి. సంతోషంతో తీగ మీద ఊగాను.

సరిగ్గా అప్పుడే సందులోకి ఎండుచేపల కేక వినబడింది. కాసులమ్మ.

మాణిక్యం ఆవిడ దగ్గర కొనే మనిషే, ఇద్దరికీ ఎన్నాళ్లనించో ముఖపరిచయం. ఆ రోజు స్కూలులో గేటు పని మధ్యాహ్నం నుంచే కాబట్టి ఆ పూట మాణిక్యం ఇంటి దగ్గరే ఉంది. కాసులమ్మ తట్ట దింపి చెమట తుడుచుకుంటూ తీగ వైపు చూసింది. లేచి వచ్చి నా ఎర్ర అంచు పట్టుకుంది.

“ఈ సంచి నీకెక్కడిది మాణిక్యం?”

“మా స్కూల్లోదే. పారెయ్యమన్నారు. ఏం, తెలుసా నీకు?”

“నేను పక్కన కూకుని కుట్టించిన సంచి. మా రత్నానిది.”

మాణిక్యం ఒకసారి నన్నూ, ఒకసారి కాసులమ్మ ముఖాన్నీ చూసింది. రత్నం టీచరు ఈవిడ కూతురని ఆవిడకి అంతవరకూ తెలియదు. “మీ అమ్మాయి మర్చిపోయి ఉంటారు,” అంది తడుముకుంటూ.

“మర్చిపోయినదాన్ని పారెయ్యమంటారేటి?” అంది కాసులమ్మ. “ఏటైందో సరిగ్గా సెప్పు.”

మాణిక్యం చెప్పింది. ఎక్కువా చేయలేదు, తక్కువా చేయలేదు. నాది కాదు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కాసులమ్మ నన్ను పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఆవిడ చేతులకి చేపపొలుసు అంటుకుని ఉంది. ఆ చేతుల్ని ఒకసారి చూసుకుని, చీరకి తుడుచుకుంది. ఊరికే, మామూలుగా తుడుచుకుంది. నేను శుభ్రపడినందుకు అంతసేపూ సంబరపడుతున్నాను కదా, ఆ సంబరం అక్కడితో ఆగిపోయింది.

“ఆ నెత్తళ్ళు నేనే పెట్టేను,” అంది. “దానికి తెలీకుండా పెట్టేను. దానికిష్టమని.” తర్వాత తట్ట పక్కకి జరిపింది. “పద, మీ స్కూలుకెల్దాం. నేనొచ్చి ఆ మేడం గారికి సెప్తాను, సంచి మాదేనని. నీ కూడు పోగొట్టి నా కూతురు పరువు కాసుకోలేను.”

“నువ్వొచ్చి చెప్తే ఆ పిల్ల ఇంక ఆ స్కూల్లో ఉండదు,” అంది మాణిక్యం. “రేపు సంచి ఆవిడ చేతిలో పెడతాను. ఏం చేస్తారో చూద్దాం. అప్పటికీ నోరు విప్పకపోతే సోమవారం నువ్వు రా. నేనూ ఊరుకోను. నాకు పని కావాలి.”

కాసులమ్మ తల ఊపింది. తట్ట ఎత్తుకుంటూ ఆగి, “నేనిక్కడికొచ్చినట్టు దానికి సెప్పకు మాణిక్యం. ఎప్పుడూ సెప్పకు,” అంది. ఆ రోజు ఆ సందులో ఇంక కేక వెయ్యలేదు.

శుక్రవారం పొద్దున్న మళ్లీ వాన పడింది. మధ్యాహ్నం మాణిక్యం నన్ను న్యూసుపేపర్లో చుట్టి స్కూలుకి తెచ్చింది. గంట కొట్టగానే రత్నం క్లాసులోంచి బయటికొచ్చింది. సోమవారం నుంచీ ఆమె సరిగ్గా తినడంలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మాణిక్యం ఆమెని సైకిళ్ల షెడ్డు దగ్గర ఆపింది.

“మీ సంచండి టీచరమ్మా. వాసన పోయింది. అడుగున అట్ట కుళ్లిపోయిందండి, తీసేశాను.”

రత్నం పొట్లం అందుకోలేదు. “నాదని తెలిసి కూడా ఆ రోజు ఎందుకు చెప్పలేదు?” అంది.

“నాది కాదని చెప్పేను గదండి. నమ్మేరా? మీదని చెప్తే నమ్ముతారా?” మాణిక్యం పొట్లం ఆమె చేతిలో పెట్టింది. “మీరు చెప్తే నమ్ముతారండి.”

అంతే అని గేటు వైపు వెళ్లిపోయింది. గేటు పక్కన తడి అరుగు మీద ఆవిడ గిన్నె ఉంది.

రత్నం అక్కడే ఎంతసేపు నిలబడిందో. నన్ను గుండెకి ఆనించుకుంది. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. చివరికి స్టాఫ్ రూంలోకి నడిచి, కాగితం విప్పి, నన్ను భోజనాల బల్ల మధ్యలో పెట్టింది.

“మేడం, ఈ సంచి నాది.”

సుగుణకుమారి మేడం అర్థం కానట్టు చూశారు.

“సోమవారం నాది కాదని అబద్ధం చెప్పాను. మాణిక్యానికి ఏ సంబంధమూ లేదు. ఇందులో మా అమ్మ ఎప్పుడో పెట్టిన ఎండుచేపల వాసన అది. మా అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. పట్టుచీరలు కాదు.” చివరి మాట హేమ వైపు చూసి అంది.

మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “సర్లే, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడివన్నీ ఎందుకు? కూర్చో, తిను,” అన్నారు.

“మాణిక్యం గేటు దగ్గర తింటోంది మేడం. నెలాఖరుకి మానెయ్యమన్నారు. మీరు ఆవిడని పిలిచి చెప్పేదాకా నేను కూర్చోలేను.”

“నేను పిలిచి చెప్పాలా?”

“తప్పు నాదని నేను చెబుతాను. పనిలో ఉండమని మీరే చెప్పాలి కదా మేడం.”

మేడంకి అది నచ్చలేదు. ఒక టీచరు అబద్ధమాడినందుకంటే, తాను తొందరపడినట్టు నలుగురిలో తేలినందుకు ఎక్కువ ఇబ్బంది పడ్డారని నాకనిపించింది. అయినా పిలిపించారు. మాణిక్యం గుమ్మం దగ్గర నిలబడింది. సోమవారం నించి పాత పనే చూసుకోమని మేడం గోడ మీది కేలెండరు వైపు చూస్తూ చెప్పారు. క్షమించమన్న మాట ఆవిడ నోట రాలేదు. రత్నం మాత్రం వరండాలోకి వెళ్లి మాణిక్యం చెయ్యి పట్టుకుంది.

“నన్ను క్షమించు మాణిక్యం.”

మాణిక్యం చెయ్యి విడిపించుకోలేదు. “ఎండకీ వానకీ గేటు దగ్గర తిన్నది నేను గదండి. కొన్నాళ్లు పడుతుంది,” అంది. “చెప్పేరు, అది చాల్లెండి.”

ఆ తర్వాత అందరూ మారిపోయారని చెబితే మీరు నమ్మరు. హేమ మూడు వారాలు రత్నం పక్కన కూర్చోలేదు. తర్వాత ఒకరోజు ఎవరూ లేకుండా చూసి, మీ అమ్మగారి దగ్గర మంచి నెత్తళ్ళు దొరుకుతాయా, మా ఆయనకి చాలా ఇష్టం అని అడిగింది. గోడ మీద కాగితం అలాగే ఉంది. మాణిక్యం మళ్లీ గంట కొడుతోంది, అన్నం మాత్రం వెనక వరండాలో తినడంలేదు. చెట్టు కింద తింటోంది. కొన్నిసార్లు రత్నం కూడా అక్కడికే క్యారేజీ తీసుకెళుతుంది. ఆ రోజుల్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

నాకు ఇప్పుడు వయసైపోయింది. జిప్పు ఊడింది, ఒక పట్టీ తెగింది, నీలం రంగు వెలిసి బూడిదరంగుకి తిరిగింది. ఉప్పాడలో కాసులమ్మ ఇంటి చూరు కింద మేకుకి వేలాడుతున్నాను. ఉల్లిపాయలో చింతపండో ఏవో నాలో ఉంటూ ఉంటాయి. ఏ వాసన వేస్తున్నానో నేనిప్పుడు పట్టించుకోవడం మానేశాను. చాలా సిగ్గులు అలా వయసుతో పోయాయి. తీగ మీద ఊగినందుకు కలిగిన సిగ్గు మాత్రం పోలేదు. ఒక తల్లి వచ్చి నా అంచు పట్టుకునేసరికి, ఆవిడ చేతి వాసన లేకుండా పోయినందుకు నేను సంతోషిస్తూ ఉన్నాను. ఆ సంగతి ఆవిడకి తెలియదు కానీ నాకు తెలుసు.

రత్నం స్టాఫ్ రూంలో ఆ మాట చెప్పిన మర్నాడు శనివారం. ఆమె నన్ను భుజాన వేసుకుని ఉప్పాడ వచ్చింది. కాసులమ్మ ఒడ్డున ఇసక మీద పరిచిన చేపలు ఎత్తుతోంది. రత్నం చెప్పులు విడిచి, చీర ఎత్తి దోపుకుని, ఎన్నాళ్లకో తల్లి పక్కన కూర్చుని చేపలు ఏరడం మొదలెట్టింది. ఏరుతూ ఏరుతూ, “అమ్మా, నేనొక తప్పు చేశాను,” అంది.

“ఏటమ్మా?” అంది కాసులమ్మ, తల ఎత్తకుండా.

రత్నం అంతా చెప్పింది. చీరల కొట్టు దగ్గరనించి చెప్పింది. నాది కాదు అన్న మాట చెప్పేటప్పుడు ఆగి, ముఖం చేతుల్లో దాచుకుంది. కాసులమ్మ చేతులు చేపల మీద అలాగే ఉండిపోయాయి. తర్వాత మళ్లీ కదిలాయి.

“మాణిక్యమా? ఎవరే ఆవిడ?” అంది.

రత్నం కళ్లు తుడుచుకుని, మాణిక్యం ఎవరో, ఎక్కడుంటుందో, ఎలాంటి మనిషో మొదటినుంచీ చెప్పుకొచ్చింది. పొద్దు వాలేదాకా చెప్పింది. కాసులమ్మ మధ్యమధ్య అలాగా, అలాగా అంటూ, అన్నీ అప్పుడే వింటున్నదానిలా చివరి దాకా విన్నది.